నల్లదనం: లోపలి మాట, బయటి మాట

తిట్టుగా విసిరిన మాటను ఏరి తెచ్చుకుని తలపాగాలా చుట్టుకోవాలంటే గుండె కావాలి. 1930లలో పారిస్‌లో చదువుకుంటున్న ముగ్గురు నల్ల యువకులు ఆ పని చేశారు. మార్టినిక్ దీవి నుంచి ఎమె సెజేర్, సెనెగల్ నుంచి లియోపోల్ సెంఘార్, ఫ్రెంచ్ గయానా నుంచి లియోన్ దమాస్. తెల్లవాళ్లు ఛీత్కరిస్తూ పిలిచే 'నేగ్ర్' అన్న మాటలోంచే 'నెగ్రిట్యూడ్' పుట్టింది. నల్లగా ఉన్నందుకు సిగ్గుపడం అనడమే అప్పటికి పెద్ద తిరుగుబాటు.

ఈ ఉద్యమాన్ని బాగా నొప్పించింది శత్రువు కాదు, మిత్రుడు. 1948లో సెంఘార్ కూర్చిన కవితా సంకలనానికి ముందుమాట రాస్తూ సార్త్ర్ నల్ల కవుల్ని మనసారా మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే, ఇదొక దశ మాత్రమే, జాతిభేదాల్లేని సమాజానికి దారిచ్చి కరిగిపోవాల్సిందే అన్నాడు. 1952లో 'నల్ల చర్మం, తెల్ల ముసుగులు' పుస్తకంలో ఫ్రాంజ్ ఫానన్ దీనిమీద మండిపడ్డాడు. మేం నోరు విప్పీ విప్పకముందే మా మాట ఎక్కడ ముగియాలో నువ్వెలా చెబుతావన్నది అతని బాధ. 'అస్తిత్వాలు సరే, అసలు పోరాటం వేరే ఉంది' అనే మన అభ్యుదయ మిత్రులు ఆ పేజీలు చదవాలి.

తర్వాతి పేజీలు మనం చదవాలి. ఫానన్ మార్టినిక్‌లో పుట్టిన నల్లవాడు. అరబ్బు కాదు, ముస్లిమూ కాదు. అయినా అల్జీరియా విముక్తి పోరాటంలో చేరాడు. 1961లో వచ్చిన ఆఖరి పుస్తకంలో, గతాన్ని తవ్వి గర్వపడితే చాలదనీ, జనం పోరాడుతూ తయారుచేసుకునేదే సంస్కృతి అనీ వాదించాడు. సార్త్ర్ అన్నదీ ఇదే కదా అనిపించొచ్చు. కాదు. సార్త్ర్ ఒడ్డున నిలబడి చెప్పాడు. ఫానన్ ఈదుతూ చెప్పాడు.

సెంఘార్ దారి వేరు. ఉద్వేగం నల్లవాడిదీ, హేతువు గ్రీకులదీ అని పంపకం చేశాడు. తెల్లవాడి తక్కెడ అలాగే ఉంది, పళ్లేనికి పూలదండ మాత్రం వేశాడు. 1960లో అతను అధ్యక్షుడయ్యాక నెగ్రిట్యూడ్ సర్కారీ సంస్కృతి అయింది. 1977 లాగోస్ ఉత్సవంలో ఉత్తర ఆఫ్రికా అరబ్ దేశాలకు సమాన స్థానం ఇవ్వొద్దని పట్టుబట్టాడు. సిగ్గు పోగొట్టడానికి పుట్టిన మాట చివరికి గడప దగ్గర కాపలా కాసింది.

ఆ కాలంలోనే, ముస్లిం కుటుంబంలో పుట్టిన ఉస్మాన్ సెంబేన్ 'చెద్దో' సినిమా తీశాడు. బానిసల వ్యాపారినీ, క్రైస్తవ పాద్రీనీ, దేవుడి పేరుతో గద్దెనెక్కిన ఇమామునూ అందులో ఒకే వరసలో నిలబెట్టాడు. పేరులో ఒక అక్షరం ఎక్కువుందన్న సాకుతో సెంఘార్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

ఇంటిమీద రాళ్లు పడుతున్నప్పుడు ఇంట్లో గొడవలు బయటపెట్టొద్దంటారు. ఆ భయం నిజమే, నాకూ ఉంది. కానీ దూదేకుల వాళ్లు మనకు సగం ముస్లింలే అయినంతకాలం మన గడప దగ్గరా ఒక కాపలాదారు ఉన్నట్టే. ఆ మాట బయటివాళ్లు అంటే నొప్పి. మనం అనకపోతే తప్పు.