మేయరు నెన్నుకొన్న విధము

ఉప్పలును నాచారమును ఇరుగుపొరుగు పేటలు. ఒకప్పుడు ఉప్పల్ కలానుకు వేరుగా పురపాలక సంఘముండెడిది. 2007వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన పండ్రెండు పురపాలక సంఘములును, ఎనిమిది గ్రామ పంచాయతీలును హైదరాబాదు నగరములో కలుపబడినప్పుడు అదియును అందులో కలిసిపోయెను. నాటినుండి తమ వీథి మురుగుకాలువకై ఈ ప్రాంతపువారు టాంక్‌బండు దిగువనున్న పెద్ద కచేరివైపు చూడవలసినవారైరి. కావున ఆ కచేరిలో అధ్యక్షపీఠ మెవరిదన్న ప్రశ్న వీరి వంటయింటి గడపదాక వచ్చునట్టిది. ఇది అతిశయోక్తి కాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు రామంతాపురము, హబ్సిగూడ, ఉప్పలు ప్రాంతములలో ఎన్నియో యిండ్లలోనికి చెరువునీరు వచ్చెను.

ఆ తడి ఆరకమునుపే, డిసెంబరు 1వ తేదీన, నగరపాలక సభకు ఎన్నికలు జరిగెను. నూటికి నలుబదియారుగురో నలుబదియేడుగురో మాత్రమే ఓటు వేసిరి. (తక్కినవారు తరువాత మేయరును గూర్చి చేయు ఫిర్యాదులు వేరొక వ్యాసమునకు తగినవి.) నూటయేబది స్థానములలో తెలంగాణ రాష్ట్ర సమితికి 56, భారతీయ జనతాపార్టీకి 48, మజ్లిసుకు 44, కాంగ్రెసుకు రెండు వచ్చెను. ఆ రెంటిలో ఒకటి ఉప్పలు. నాచారమువారు సమితి పక్షమున నిలిచిరి. 2016లో కాంగ్రెసుకు దక్కిన రెండు స్థానములలో ఒకటి నాచారముదే యగుట ఒక చిత్రము.

ఏ పక్షమునకును సగము లేదు. పదవిరీత్యా ఓటుగల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు నలుబదికి పైగా నుండిరి. వారిని కూడుకొన్నను ఏ యొక్క పక్షమునకును సగము నిండదు. ఇట్టి సభలో నాయకుని నెన్నుకొనుట కష్టమని ఎవరికైనను తోచును. 2021 ఫిబ్రవరి 11వ తేదీన అది అతి సులభముగా జరిగిపోయెను. నా విమర్శకు విషయము ఆ సౌలభ్యమే.

సమితివారి అభ్యర్థిని పేరు పార్టీ అధ్యక్షులు సీలువేసిన కవరులో పంపిరి. ఆ ఉదయమువరకు సభ్యులకే అది తెలియదు. సభలో చేతులెత్తించి లెక్కించిరి. ఎన్నికలకు ముందు తమకు పొత్తు లేదని సమితివారు చెప్పిన మజ్లిసువారు సమితికే చేతులెత్తిరి. బంజారాహిల్సు సభ్యురాలు గద్వాల విజయలక్ష్మిగారు మేయరును, తార్నాక సభ్యురాలు మోతె శ్రీలతగారు ఉపమేయరును అయిరి. పెండ్లిచూపులకు ముందే తాంబూలములు ముగిసినవన్నమాట.

ఇందు చట్టవిరుద్ధ మేమియు లేదు. పొత్తు కూడదనియు నేననను. 2009లో కాంగ్రెసును మజ్లిసును కలిసి, పదవీకాలమును పంచుకొని, 2012 జనవరిలో ఒకరి తరువాత నొకరు పీఠమెక్కిరి. కాని అది పంపకమని ఊరికెల్ల తెలిసినదే. 2021లో ఏ షరతుపై ఏ పక్షము ఎవరికి తోడ్పడెనో సభలో ఒక్కరును లేచి చెప్పలేదు. నాలాల వెడల్పు మాట యెత్తినవారు లేరు.

స్త్రీలకు ప్రత్యేకింపబడిన పీఠముపై స్త్రీ కూర్చుండుట, ఉపపీఠమును స్త్రీయే అలంకరించుట, మన పత్రిక చదువరులకు సంతోషకరమే. నాకును అట్లే. అయితే మహానగరమునకు పెద్దయగు స్త్రీ, ఆ ఉదయము సభ యెదుట నిలిచి, తాను చేయదలచినది నాలుగు మాటలలో చెప్పి, పిదప ఓట్లడిగియుండిన ఆ గౌరవము ఎంత హెచ్చియుండెడిది! ఆమె పేరును కవరులో దాచుట ఆమెను ముసుగులో కూర్చుండబెట్టుటకంటె ఎంత మేలైనది?

ఇతరచోట్ల ఏమి జరుగుచున్నది? 2023 జనవరిలో అమెరికా ప్రతినిధిసభ తన స్పీకరును పదునైదవ ఓటింగుకుగాని ఎన్నుకొనలేకపోయెను. 1856లో నూటముప్పదిమూడు పర్యాయములు ఓట్లు వేసి రెండు నెలలు గడపిరి. ఢిల్లీ నగరసభ 2023లో మూడుమారులు కూడి గలభాతో చెదరి, నామినేటు సభ్యులకు ఓటు లేదని సుప్రీముకోర్టు తేల్చిన తరువాత ఫిబ్రవరి 22న మేయరును నిర్ణయించుకొనెను. ఆ గలభాను మెచ్చుకొనుట నా యుద్దేశము కాదు. కాని అమెరికాలో ప్రతి సభ్యుని పేరు పిలిచి, అతడెవరి పక్షమో అతని నోటనే చెప్పించిరి. ఎవరు ఏల అడ్డుపడిరో, ఏమి పుచ్చుకొని లొంగిరో ఓటరు కొంతవరకైనను చూడగలిగెను. అక్కడి తగవు సభలో నడచినది. ఇక్కడిది సభకు రాకముందే ముగిసినది.

2002లో హైదరాబాదువారు మేయరును నేరుగా ఓటువేసి ఎన్నుకొనిరి. ఉప్పలు అప్పుడు నగరములో లేదు. చేరిన పిదప ఆ పద్ధతి లేదు. పోనిండు, నేరుగా ఎన్నుకొనకున్నను, మనము పంపినవారు ఎదురెదురుగా మాటలాడి ఎన్నుకొనుటను చూచు హక్కైనను మనకుండవలదా?

మరియొక ముచ్చట కలదు. 2023 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము కాంగ్రెసుకు మారెను. 2024 మార్చి నెలాఖరున మేయరుగారు పీఠమును విడువకయే కాంగ్రెసులో చేరిరి. ఎన్నికలలో రెండే స్థానములు గెలిచిన పక్షమునకు మహానగర పీఠము ఇట్లు దక్కెను. ఆ రెంటిలో ఒకదానిని ఇచ్చిన ఉప్పలువారు సంతసింపవలెనో, చిన్నబుచ్చుకొనవలెనో నాకు తోచలేదు. ఈసారి కవరు లేదు; చేతులెత్తుటయు లేదు.