‘విద్యనభ్యసించి’ అనే మాట వెనుక: కె.ఎల్. రావు జీవితకథనాలలో విదేశీ విద్య

తెలుగు ప్రముఖుల జీవితరేఖలలో ఒక వాక్యం పదేపదే ఎదురవుతుంది. విదేశాలలో ఉన్నత విద్యనభ్యసించి, స్వదేశానికి తిరిగివచ్చి, దేశసేవకు అంకితమయ్యారు అన్నది దాని నమూనా. ఇందులో మొదటి రెండూ క్త్వార్థకాలే. పని ముగిసిందని మాత్రమే సూచించి, అది ఎలా జరిగిందో చెప్పకుండానే పాఠకుణ్ణి సమాపక క్రియ వద్దకు చేర్చడం క్త్వార్థకం స్వభావం. కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించిన ఇంజనీరు కానూరి లక్ష్మణరావు (1902–1986) గురించిన తెలుగు కథనాలు ఈ వ్యాకరణానికి చక్కని నిదర్శనం.

బాల్యంలోనే ఒక కంటి చూపు కోల్పోయిన రావు మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన ప్రథముడు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి పిహెచ్‌.డి. అందుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 37 ఏళ్ళు. ఐరోపాలో యుద్ధం మొదలైన సంవత్సరమూ అదే. పట్టా తరువాత బ్రిటన్‌లోనే అధ్యాపకత్వం నెరపారు, రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుపై ఇంగ్లీషులో గ్రంథం రచించారు. వలసపాలనలో ఉన్న దేశం నుండి వెళ్ళిన వ్యక్తి పాలకుల గడ్డమీద వారి విద్యార్థులకే పాఠం చెప్పడం చిన్న విషయం కాదు. అయినా చాలా జీవితరేఖలు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటి, రామపాదసాగర్ వద్దకు, నాగార్జునసాగర్ వద్దకు పరుగెడతాయి.

యల్లాప్రగడ సుబ్బారావు కథనాలతో పోల్చితే తేడా తెలుస్తుంది. 1923లో బోస్టన్ చేరిన సుబ్బారావు ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ చదివిన వైనాన్ని తెలుగు రచయితలు ఎంతో ఇష్టంగా వర్ణిస్తారు. విదేశంలో పడిన కష్టం కన్నీరు తెప్పించగలిగితే కథనంలో చోటు దొరుకుతుంది. ప్రయోగశాలలో గడచిన నిశ్శబ్ద కాలానికి ఆ అదృష్టం లేదు.

ఈ లోపం వల్ల నష్టపోయేది రావు కీర్తి కాదు, దానికి ఆనకట్టలున్నాయి. నష్టం పాఠకునిది. డెల్టా కాలువలకు ఎగువన, మెట్ట ప్రాంతమైన మైలవరంలో 1998 నుండి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అటువంటి ఊళ్ళలో బి.టెక్. ముగించి, 22 ఏళ్ళ ప్రాయంలో అప్పుచేసి ఎం.ఎస్.కు బయలుదేరే విద్యార్థికి రావు జీవితం పనికివచ్చేది సరిగ్గా ఆ వదిలేసిన చోటే. దేశంలో మాస్టర్స్ ముగించాక, నడివయస్సుకు దగ్గరవుతూ పరిశోధన పట్టా పొందిన మనిషి ఆయన. చదువుకూ వయస్సుకూ మధ్యనున్న ఈ సంబంధం నేటి తొందరకు పూర్తిగా భిన్నమైనది. జీవితరేఖలు దానిని పట్టాల జాబితాగా కుదించాయి.

ఆత్మకథ కూడా ఈ వెలితిని తెలుగు పాఠకునికి సులభంగా పూరించదు. దానిని రావు ఇంగ్లీషులో రాశారు. ‘ద క్యూసెక్స్ క్యాండిడేట్’ అన్న శీర్షికే ఆసక్తికరం. సెకనుకు ఇన్ని ఘనపుటడుగుల నీరని కొలిచే మాటను ఎన్నికల అభ్యర్థి పక్కన నిలబెట్టడంలో 1962 నుండి విజయవాడకు ప్రాతినిధ్యం వహించిన పార్లమెంటు సభ్యుని చమత్కారం ఉంది. క్యూసెక్కు మైలవరం రైతుకు తెలిసిన మాటే. సాగర్ ఎడమకాలువ చివరి భూములవారు దానిని రోజూ వాడుకుంటారు. ఆ కొలతను శాస్త్రంగా నేర్చిన మనిషి చదువుకథ మాత్రం ఆ రైతు బిడ్డకు ఇప్పటికీ క్త్వార్థకంగానే అందుతోంది.