పాము పొట్ట తిప్పి చూడాలి

పాముకి ఒళ్లు బాగాలేకపోతే అరవదు, మూలగదు. పెంచే మనిషి కళ్లే దానికి దిక్కు. ఆ కళ్లు వీపు మీది అందమైన మచ్చల దగ్గరే ఆగిపోతే, పొట్ట కింద మొదలైన జబ్బు ముదిరాక గానీ బయటపడదు.

అమెరికా, బ్రిటన్ ఇళ్లలో పెరిగే పాముల్లో బాల్ పైథాన్‌ది ముందు వరస. (మన నాగుపామునో జెర్రిపోతునో ఇలా పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.) పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో పుట్టిన ఈ పాము పగలంతా బొరియల్లో గడుపుతుంది. గాలిలో తేమ చాలకపోతే కుబుసం ముక్కలుగా ఊడుతుంది. ఈ సంగతి తెలిసిన కొత్తవాళ్లు పెట్టెలో నీళ్లు చిలకరిస్తూనే ఉంటారు. గాలికి తేమ కావాలి గానీ నేల తడిసిపోకూడదు. చిక్కంతా ఇక్కడే. పెట్టెలో పరిచిన కొబ్బరి పొట్టు మలమూత్రాలతో నానిపోయి, దాని మీద రోజుల తరబడి పడుకుంటే పొట్ట పొలుసుల అంచులు ఎర్రబడతాయి, గోధుమరంగుకు తిరుగుతాయి, పొక్కులు లేస్తాయి. పెంపకందార్లు స్కేల్ రాట్ అనేది దీన్నే. స్యూడోమోనాస్, ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఆ పుండ్ల నుంచి రక్తంలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

పొట్ట ఎర్రబడిన ప్రతిసారీ కంగారు పడనక్కర్లేదు. కుబుసం విడిచే ముందు గులాబి రంగు రావడం మామూలే. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ మీద కాలిన చర్మం కూడా స్కేల్ రాట్‌లాగే కనిపిస్తుంది.

ముఖం వాచి, పొలుసులు పెచ్చుకట్టి, మాటిమాటికీ కుబుసం విడుస్తుంటే మాత్రం ఓఫిడియోమైసిస్ అనే ఫంగస్‌ను అనుమానించాలి. 2006లో న్యూహాంప్‌షైర్ అడవుల్లో టింబర్ రాటిల్‌స్నేక్‌లు తగ్గిపోయినప్పుడు వాటి ఒంటి మీద ఇలాంటి పుండ్లే కనిపించాయి. ఈ ఫంగస్ పాము నుంచి పాముకు అంటుకుంటుంది. కొత్తగా తెచ్చిన పామును కొన్నాళ్లు వేరే గదిలో ఉంచమనడం అందుకే.

స్కేల్ రాట్ అని తేలితే తొలి చికిత్స పెట్టెకే. కొబ్బరి పొట్టు మొత్తం తీసేసి పేపర్ టవల్ పరచాలి, మురికైన వెంటనే మార్చాలి. వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీలు ఉండేలా చూడాలి. బయటి వేడి తగ్గితే పాము ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తీ తగ్గుతుంది. పొవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి పుండ్లు కడగవచ్చు. మిగిలిపోయిన యాంటీబయోటిక్‌ను అంచనాగా వేయడం మాత్రం పామును ప్రమాదంలోకి నెట్టడమే. పుండు లోతుగా ఉన్నా, పొక్కులు పాకుతున్నా, పాము తిండి మానేసినా సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆయన పుండు నుంచి నమూనా తీసి, ఏ క్రిమో తేల్చుకుని మందు రాస్తారు. తేలికపాటి పుండ్లు ఒకటి రెండు కుబుసాలతో మానతాయి, లోతైనవాటికి నెలలు పడుతుంది.