లాయోల్ ఊరి పళ్ళెం

ఫ్రాన్సు దక్షిణ భాగంలో ఓబ్రాక్ అనే పీఠభూమి ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తు, నల్లరాయి, పచ్చిక బయళ్ళు, ఆవులు, చలికాలమంతా మంచు. అక్కడి లాయోల్ ఊరి జనాభా సుమారు 1,200. మడత కత్తులకూ చీజ్‌కూ పేరున్న ఊరు. అక్కడ వంటవాడు మిషెల్ బ్రాస్ తల్లి ఆంజెల్ ఒక చిన్న హోటల్ నడిపేవారు. 1946లో పుట్టిన బ్రాస్ పెద్ద పేరున్న వంటవాళ్ళెవరి దగ్గరా శిష్యరికం చేయలేదు, పనంతా అమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. పేరొచ్చాక కూడా పారిస్‌కు మకాం మార్చలేదు. 1992లో ఊరి బయట కొండ మీద రాతితో, అద్దాలతో కొత్త రెస్టారెంటు కట్టుకున్నాడు. 1999లో రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిష్లిన్ గైడ్ వాళ్ళ మూడో నక్షత్రం వచ్చింది. తినాలనుకున్నవాళ్ళే ఆ కొండ ఎక్కారు.

ఇంత దూరం జనాన్ని రప్పించింది ముఖ్యంగా కూరగాయల పళ్ళెం. పేరు గార్గుయూ. ఆ పేరుతో ఆ ప్రాంతపు రైతులు వండుకునేది బంగాళాదుంపలూ కాస్త ఉప్పుమాంసమూ వేసిన నీళ్ళకూర. బ్రాస్‌కు పరుగు అలవాటు. జూన్ నెలలో పూలతో నిండిన పచ్చికల మధ్య పరుగెత్తుతుంటే, ఈ బయలునంతా పళ్ళెంలోకి ఎందుకు తేకూడదు అనిపించిందట. అలా 1980 ప్రాంతంలో పాత పేరుతో కొత్త వంటకం పుట్టింది. ఒక్కో పళ్ళెంలో యాభై, అరవై రకాల కూరగాయలు, ఆకులు, పూలు, మొలకలు ఉంటాయి.

ఈ సంఖ్య చూసి ఆశ్చర్యపోతే అసలు పనితనం కంటపడదు. యాభై రకాలు కోసి కుప్ప పోయడం ఎవరికైనా చేతనవుతుంది. ఇక్కడ ఉడకాల్సిన ప్రతి కూరనూ విడిగా ఉప్పునీళ్ళలో ఉడికిస్తారు. బఠాణీకి పట్టే సమయం వేరు, క్యారెట్‌కు వేరు, లేత ఉల్లికి వేరు. దేనికి పదును రాగానే దాన్ని తీసి చల్లారుస్తారు. వడ్డించే ముందు పెనంలో ఊరవేసిన పంది మాంసపు పలుచని ముక్కను వేడిచేసి, దాని రసానికి కూరగాయల చారు కొంచెం, వెన్న కొంచెం చేర్చి, అందులో కూరలన్నీ ఒక్కసారి వెచ్చబెడతారు. పాత రైతుకూరకు మిగిలిన చుట్టరికం ఆ మాంసపు వాసనే. పచ్చి ఆకులు, పూలు చివర్న పడతాయి. పళ్ళెం అంచున అక్కడక్కడా పొడులో, చిక్కటి రసాలో చుక్కలుగా పెడతారు. ముద్ద ముద్దకీ నాలుక ఉలిక్కిపడాలని.

2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో బ్రాస్ ఈ పళ్ళెం పేర్చడం చూపించారు. ఆకును పెట్టి వెంటనే చెయ్యి తీసేస్తాడు, సర్దడు. ఆ ధైర్యం నాకు నచ్చింది. తర్వాత ప్రపంచమంతా పెద్ద రెస్టారెంట్లు తమ పళ్ళేల మీద పూలు చల్లడం మొదలుపెట్టాయి. వాటిలో చాలావాటికి పూలు అందాయి గానీ, ఆ విడివిడి ఉడుకు అందలేదు.

రెండో గొప్ప పని 1981 నాటిది. కోస్తే లోపలినుంచి కరిగిన చాక్లెట్ పారే కేకు, 'కూలాన్'. మన ఊళ్ళలో పిజ్జా షాపుల దగ్గర 'చాకో లావా' పేరుతో అమ్మేది దీనికి దూరపు చుట్టం. మంచులో స్కీయింగ్ చేసి వణుకుతూ ఇంటికొచ్చిన కుటుంబం వేడి చాక్లెట్ చుట్టూ చేరినప్పటి హాయిని వంటకంగా చేయాలనుకున్నాడట. చేయడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు చాలాచోట్ల దొరికే రకంలో మోసం లేదు గానీ అడ్డదారి ఉంది. ఒకే పిండిని సగం ఉడికించి దించేస్తారు, లోపల పచ్చిగా మిగిలినదే 'లావా'. బ్రాస్ చేసింది అది కాదు. చాక్లెట్, మీగడ కలిపిన గుండెను విడిగా చేసి గడ్డకట్టిస్తాడు. బాదంపొడి, బియ్యప్పిండి, గిలక్కొట్టిన గుడ్డుసొనతో చేసిన పిండిని అచ్చులో కొంచెం పోసి, ఆ గడ్డను మధ్యలో దించి, పైన మళ్ళీ పిండి కప్పుతాడు. మొత్తాన్ని మళ్ళీ గడ్డకట్టించి, ఆ చల్లదనంతోనే ఓవెన్‌లోకి పంపుతాడు. పూర్ణం బూరె చేసే మన ఆడవాళ్ళకు ఈ పద్ధతి చప్పున అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ పూర్ణం గట్టిగా ఉండేది ఓవెన్‌లోకి వెళ్ళేదాకానే. పైపిండి పూర్తిగా ఉడికేసరికి లోపలిది సరిగ్గా కరగాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే గుల్ల పగిలి కారిపోతుంది, లేదా నడుమ చల్లగా మిగులుతుంది.

పోల్చి చూస్తే రెండు వంటకాల్లోనూ కిటుకు ఒక్కటే. దేన్ని దానిగా వండి, నాలుక మీదికి వెళ్ళే ముందు మాత్రమే కలపడం. కొత్తదనమంటే వింత దినుసులు వెతకడం అనుకునేవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు. బ్రాస్ వాడినవి బంగాళాదుంప, వెన్న, చాక్లెట్, కొండ మీద దొరికే 'సిస్ట్ర్' అనే ఆకు. ఆ ఆకే రెస్టారెంటు గుర్తు కూడా. ఊరి అలవాటు ప్రకారం ఒక్కొక్కరికీ ఒక లాయోల్ కత్తి ఇస్తారు. పళ్ళేలు మారినా కత్తి మారదు, మొదటినుంచి చివరిదాకా అదే.

2009లో వంటగది కొడుకు సెబాస్టియన్ చేతికి వచ్చింది. 2017లో ఆయన తమను గైడ్ నుంచి తీసేయమని మిష్లిన్‌ను కోరాడు. వాళ్ళు 2018 సంచిక నుంచి తీసేశారు, 2019లో అడగకుండానే రెండు నక్షత్రాలతో మళ్ళీ పెట్టారు. గార్గుయూలోకి ఏ ఆకు వెళ్ళాలో మాత్రం ఆ రోజు దొరికిన పంటను బట్టే నిర్ణయమవుతుంది. ఏప్రిల్‌లో తిన్నవాళ్ళు, సెప్టెంబరులో తిన్నవాళ్ళు ఒకే పేరుతో వేర్వేరు పళ్ళేలు తింటారు.