పాల్ రోబ్సన్: వేషమును మానమును

నటుడు పరుల మాటను తన మాటగా పలుకువాడు. కాని ఆ మాట తన జాతినే కించపరచునదైనచో అతని కర్తవ్యమేమి? ఈ ప్రశ్నకు అమెరికాదేశపు నటుడు పాల్ రోబ్సన్ జీవితముకంటె తేటయైన నిదర్శనము మాకు కానరాదు.

ఈయన 1898లో న్యూజెర్సీ రాష్ట్రమునందలి ప్రిన్స్‌టన్ పట్టణమున జన్మించెను. తండ్రి బానిసగా పుట్టి, తప్పించుకొని పోయి, మతబోధకుడైనవాడు. కుమారుడు 1923లో కొలంబియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పొందెను. కాని వృత్తియందు ఎదురైన వర్ణద్వేషమును సహింపక దానిని విడిచిపెట్టెను. 1924లో యూజీన్ ఓనీల్ నాటకములు ఈయనకు ప్రఖ్యాతి తెచ్చినవి. 1928లో లండనులో 'షో బోట్' నాటకమున పాడిన పాటతో ఆ మంద్రకంఠము లోకప్రసిద్ధమైనది.

పిమ్మట చలనచిత్రములు. 1935లో వెలువడిన 'సాండర్స్ ఆఫ్ ది రివర్' అను చిత్రమున ఆఫ్రికావాసుల సంస్కృతికి గౌరవము దక్కునని నమ్మి, రోబ్సన్ బొసాంబో అను నాయకుని వేషము ధరించెను. పూర్తియైన చిత్రమో, ఆంగ్లేయాధికారి పరిపాలనకు స్తోత్రపాఠమైనది. ఇందు నటునియందు లోపమేమియు లేదు. కంఠమున గాంభీర్యము, నడకయందు రాజసము ఉన్నవి; కథ మాత్రము ఆ రాజసమును దొరముందు మోకరిల్లజేసినది. నటన యెంత శ్రేష్ఠమో అసత్యమునకు అంత బలము చేకూరినది. నాటకశాలలో తెర లేచిన పిదప రంగము నటుని వశము. చలనచిత్రమున దృశ్యములను కత్తిరించి అతుకువారిదే తుదిమాట. రోబ్సన్ తరువాత ఆ చిత్రమును బహిరంగముగా నిరసించెను.

1940 నాటి 'ది ప్రౌడ్ వ్యాలీ'లో వేల్స్ దేశపు బొగ్గుగని కార్మికులలో నొకడుగా కనిపించిన రోబ్సన్ వేరు. అచ్చట ఆయన ఎవరికిని దాసుడు కాడు, ఎవరికిని వినోదవస్తువు కాడు. కాని 1942లో 'టేల్స్ ఆఫ్ మన్‌హాటన్' నల్లజాతి పేదరైతులను మరల అమాయకులుగా, హాస్యాస్పదులుగా చిత్రించెను. అంతట రోబ్సన్ చలనచిత్రములకే స్వస్తి చెప్పెను. ధనమును, కీర్తిని ఇచ్చు ద్వారమును తానే మూసికొనుట సామాన్యమైన త్యాగము కాదు.

1943 అక్టోబరులో న్యూయార్కున ఒథెల్లో పాత్రను ధరించినపుడు ఆ త్యాగమునకు ఫలము లభించెను. 296 ప్రదర్శనములు జరిగినవి. బ్రాడ్వేలో షేక్స్‌పియరు నాటకమేదియు అంతవరకు అన్నినాళ్లు ఆడలేదు. ధ్వనిఫలకములపై నిలిచిన ఆ నాటకమును వినినచో, అసూయ మొలకెత్తు ఘట్టములందు వేగము కొంత చాలదని మాకు తోచును. కాని పరదేశమునకు సేవచేసి, ఆ దేశస్థులచేతనే మోసపోయిన వీరుని అవమానమును ఆ కంఠము పలికించినట్లు అన్యులు పలికింపలేరు. దేశసంచారమున, శ్వేతులను నల్లవారిని వేరుగా కూర్చుండబెట్టు నాటకశాలలలో ఆడుటకు రోబ్సన్ సమ్మతింపలేదు.

1950లో ప్రభుత్వము ఈయన పాస్‌పోర్టును రద్దుచేసెను. సర్వోన్నత న్యాయస్థానపు తీర్పువలన 1958లో అది తిరిగి లభించెను. 1976లో మరణించెను. సోవియట్ దేశమును అభిమానించిన ఈయన స్టాలిన్ పాలనలోని దౌర్జన్యములను బహిరంగముగా ఖండింపకపోవుటను మేము సమర్థింపజాలము. ఒక జాతి బాధను అంత సూక్ష్మముగా ఎరిగినవాడు ఇతరుల బాధయెడల మౌనియగుట గొప్ప లోపమే.

అయినను నటనను తూచుటకు రోబ్సన్ చూపిన త్రాసు మనకు ఆదరణీయము. చిత్రము చూచి ఇల్లు చేరిన తల్లిదండ్రులు, నటుడు బాగుగ ఆడెనా యని మాత్రమే అడిగిన చాలదు. ఎవరిని చూచి నవ్వితిమి, ఆ నవ్వునకు ఎవరి మానము బలియైనది అని పిల్లలతో కూడి విచారింపవలెను. ఆ విచారము లేని రసికత అర్ధరసికతయే యని మా యభిప్రాయము.