పదబంధ ప్రహేళిక: జవాబు, వ్యాఖ్యానము

పదబంధ ప్రహేళికలో ఆధారమునకు జవాబు కనుగొనుట యొక పని. ఆ జవాబు ఏ మార్గమున వచ్చినదో విప్పి చెప్పుట మరియొక పని. మొదటిది వినోదము, రెండవది వ్యాఖ్యానము. జవాబుల పట్టికను మాత్రము ముద్రించి విరమించు వాడుక మొదటిదానితోనే తృప్తిపడును. తెలుగు రాష్ట్రముల వెలుపల తెలుగు నేర్చువారికి ఆ తృప్తి చాలదని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

1913 డిసెంబరు 21వ తేదీన ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన కూర్పు ఈ క్రీడకు ఆదిగా పరిగణింపబడుచున్నది. అందలి ఆధారములు సూటి యర్థములే. గూఢాధారములు ఇంగ్లండులో పెంపొందినవి. ‘అబ్జర్వర్’ పత్రికలో 1926 మొదలు ‘టార్క్విమడా’ యను మారుపేరుతో ఎడ్వర్డ్ పోయిస్ మేథర్స్ వానిని మిక్కిలి కఠినముగా కూర్చెను. ఆయన యనంతరము ఆ స్థానమున నిలిచిన ‘జిమెనీస్’, అనగా డి. ఎస్. మెక్‌నట్, 1966లో వెలువరించిన గ్రంథమున న్యాయమైన ఆధారమునకు లక్షణము నిర్ణయించెను. జవాబునకు సరియైన అర్థము ఉండవలయును. పదవిన్యాసము న్యాయముగా సూచింపబడవలయును. ఈ రెంటికి మించి మరేమియు నుండరాదు. తెలుగున పదబంధ ప్రహేళిక యనగానే శ్రీశ్రీయు, గళ్ళ నుడికట్టు అనగానే ఆరుద్రయు పాఠకులకు స్ఫురింతురు.

ప్రహేళిక యను పేరు మనకు క్రొత్తది కాదు. వాత్స్యాయనుడు దానిని అరువదినాలుగు కళలలో చేర్చెను. దండి తన కావ్యాదర్శమున తృతీయ పరిచ్ఛేదమున పదునారు విధములను వివరించెను. పదముల సంధిచే అర్థము మరుగుపడునది ‘సమాగత’. వేరొక యర్థమున ప్రసిద్ధమైన పదముచే మోసపుచ్చునది ‘వంచిత’. నేటి గూఢాధారముల ముఖ్యోపాయములు రెండును ఈ పేర్లలో సూచనగా కానవచ్చును.

ఉదాహరణమునకు ‘తలక్రిందులైన తీగ (2)’ అను ఆధారమును గైకొందము. తొలుత ఎవరైనను ‘తీగ’నే తిరుగవేయుదురు. ‘గతీ’ యను నిరర్థక రూపము వచ్చును. తెలుగు గడిలో కూర్చుండునది అక్షరము. అది తన గుణింతమును వెంటబెట్టుకొనియే కదలును. కావున ‘గతీ’ని ‘గతి’గా కుదించుకొనుట దోషము. అప్పుడు దృష్టి మొదటి పదముపైకి మరలవలయును. వాడుకలో ఒక్కటిగా అతుకుకొనిన దానిని ‘తల’, ‘క్రిందులైన’ అని విరిచినచో, ‘తల’ తిరుగబడి ‘లత’ యగును. లత యనగా తీగయే. ఇందు ఒక్క మాటయు వ్యర్థము కాలేదు. పదముల అతుకులో అర్థము దాగుటచే ఇది సమాగతకు చేరువ.

న్యాయము తప్పిన ఆధారమెట్లుండునో కూడ చూడవలయును. ‘కరము తడబడిన విధము (3)’ అన్నచో అక్షరములు తారుమారై ‘రకము’ లభించును. విధమనియే దాని యర్థము. ‘చేయి తడబడిన విధము’ అన్నచో పరిష్కర్త కరమో, హస్తమో, పాణియో మొదట ఊహించి, పిమ్మట దానిని తారుమారు చేయవలసి వచ్చును. ఇది చిక్కులో చిక్కు, చమత్కారము కాదు. అట్లే గళ్ళు చాలనప్పుడు ‘కమలము’ను ‘కమలం’గా మార్చి నాలుగు గళ్ళ మాటను మూటిలో ఇరికించుటయు కూర్పరి సౌకర్యమే. ఒక కూర్పున ఒక్కటే పద్ధతి పాటింపవలయును.

ఇక ‘నాటి వనిత, నేటి కథాగ్రంథము (3)’ అను దానిని పరిశీలింతము. జవాబు ‘నవల’. ప్రాచీన కావ్యభాషలో నవల యనగా స్త్రీ. ‘నాటి’ యను మాట ఆ ప్రాచీనతను సూచించుటచే ఆధారము న్యాయమైనది. ఇది వంచితకు చక్కని యుదాహరణము. కాని బెంగుళూరులోనో షోలాపురములోనో చదువుకొను తెలుగు బాలునికి కథాగ్రంథమనగా ‘కాదంబరి’ తోచును. కన్నడమునను మరాఠీలోను వాడుక అదియే. బరంపురపు బాలికకు ఒడియా పాఠములోని ‘ఉపన్యాసము’ తోచును. తెలుగు సభలో అది ప్రసంగమునకు పేరు. కాదంబరికి నాలుగు గళ్ళు, ఉపన్యాసమునకు ఐదు కావలయును, ఉన్నవి మూడు. గళ్ళే ఆ బాలబాలికలను వారించును గాని, సరియైన మాటను ఇవ్వజాలవు.

మరుసటి సంచికలో ‘నవల’ యని మాత్రము ముద్రించినచో వారికి తమ తప్పు తెలియును, తెలుగు తెలియదు. అదే జవాబును విప్పి చెప్పినచో ఒక మాటకు గల రెండు యుగముల అర్థములు తెలియును. పొరుగు భాషల మాట తప్పు కాదనియు, తెలుగులో దాని స్థానము వేరనియు బోధపడును. ఇరుగుపొరుగు భాషల నడుమ తరతరములుగా జీవించు తెలుగువారికి ఈ వివేకము నిఘంటువు కంటెను అవసరము.

కావున మన సంఘముల సంచికలలోను పాఠశాలల పత్రికలలోను ప్రహేళికలను ప్రకటించువారు ప్రతి జవాబునకును అర్థమేది, విన్యాసమేది, ఏ మాట ఏ పని చేసినది అని మూడు పంక్తులైనను వ్రాయవలయును. అట్లు వ్రాయుటకు వీలుపడని ఆధారము న్యాయమైనది కాదని కూర్పరికే ముందుగా తెలియును. చదువరికి పాఠమును, కూర్పరికి పరీక్షయు ఆ మూడు పంక్తులే.