మేకు లేని అతుకు

పాత ఇళ్ళలో కొన్ని ద్వారబంధాలకు ఎంత వెతికినా మేకు కనబడదు. ఒక చెక్క కొసను సన్నగా చెక్కి, రెండో చెక్కకు తొలిచిన గాడిలోకి దించి బిగిస్తాడు వడ్రంగి. యూరోపియన్ యూనియన్ ఒప్పందాలు చదివినప్పుడల్లా నాకు ఆ పనితనమే గుర్తొస్తుంది. 27 దేశాలు, 24 అధికార భాషలు. వాటిని కలిపి ఉంచడానికి ఒక సైన్యమంటూ లేదు. ఉన్నవల్లా అతుకులే.

ముందు యూరోపియన్ కమిషన్ సంగతి. దేశానికొకరు చొప్పున 27 మంది ఉంటారు. చట్టం ముసాయిదా రాసే హక్కు దాదాపుగా వీరిదే, ఆమోదించే హక్కు మాత్రం లేదు. అది దేశాల మంత్రులు కూర్చునే కౌన్సిల్‌దీ, ప్రజలు ఎన్నుకున్న 720 మంది పార్లమెంటుదీ. అసలు నేర్పు ఇంకో నియమంలో ఉంది. ముసాయిదాను ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికి కౌన్సిల్‌లో చాలావరకు అర్హత గల మెజారిటీ చాలు. కమిషన్‌కు ఇష్టం లేని మార్పు చేయాలంటే మాత్రం, సాధారణంగా 27 దేశాలూ ఏకమవ్వాలి. కాబట్టి నాలుగు పెద్ద దేశాలు చేతులు కలిపి, చిన్నవాటిని పక్కకు నెట్టి, వాక్యాన్ని తమ వైపు వంచుకోలేవు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభకు చట్టం ప్రతిపాదించే హక్కు లేకపోవడం లోపమనేవారున్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. అయినా ఈ అతుకు బిగువు చూస్తే ముచ్చటేస్తుంది.

ఓట్ల లెక్కలోనూ అదే శ్రద్ధ. కౌన్సిల్‌లో ఆ అర్హత గల మెజారిటీ రావాలంటే 55 శాతం దేశాలు, అంటే 15, ఒప్పుకోవాలి. వాటిలో యూనియన్ జనాభా 65 శాతం ఉండాలి. మొదటి షరతు మాల్టా లాంటి చిన్న దేశానికి గొంతునిస్తుంది, రెండోది జర్మనీ జనాన్ని లెక్కలోకి తెస్తుంది. ఇక్కడొక చిక్కుంది: జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ మూడూ కలిస్తే జనాభా 35 శాతం దాటిపోతుంది, ఆ మూడే దేన్నైనా ఆపేయగలవు. అందుకే అడ్డుకోవడానికి కనీసం నాలుగు దేశాలు ఉండాలన్నారు. అంటే ఎంత పెద్దవాళ్ళైనా ఇంకొకరి గుమ్మం తొక్కాల్సిందే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం. 1960లో వాన్ గెండ్ ఎన్ లోస్ అనే డచ్ రవాణా సంస్థ జర్మనీ నుంచి ఒక రసాయనం తెప్పించింది. 3 శాతం ఉండాల్సిన సుంకం 8 శాతం వేశారు. కొత్తగా సుంకాలు పెంచకూడదని యూనియన్‌కు పునాది వేసిన 1957 నాటి రోమ్ ఒప్పందం చెబుతోంది. కానీ ఒప్పందం దేశాల మధ్యది, ఒక వ్యాపారి దాన్ని పట్టుకుని కోర్టుకెక్కవచ్చా? ఎక్కవచ్చని 1963 ఫిబ్రవరి 5న లక్సెంబర్గ్ తేల్చింది. ఒప్పందం ప్రభుత్వాలకే కాదు, పౌరులకూ హక్కులిస్తుందంది.

ఆ తీర్పు ఎంత గొప్పదో అది వచ్చిన దారీ అంత గొప్పది. వ్యాపారి లక్సెంబర్గ్ దాకా వెళ్ళలేదు. తన దేశంలోని సుంకాల కోర్టుకే వెళ్ళాడు. ఆ కోర్టు కేసును పక్కన ఉంచి, ఒప్పందానికి అర్థమేమిటని లక్సెంబర్గ్‌ను అడిగింది. జవాబు వచ్చాక తీర్పు చెప్పాల్సింది మళ్ళీ డచ్ న్యాయమూర్తులే. ఒక ప్రభుత్వం దూరాన ఉన్న కోర్టును ఖాతరు చేయకపోవచ్చు, సొంత కోర్టు ముద్ర పడిన కాగితాన్ని కాదనడం చాలా కష్టం. పోలీసు లేని న్యాయస్థానానికి 27 దేశాల కోర్టులూ చేతులయ్యాయి.

ఇలాంటి ప్రశ్నలు ఏటా వందల్లో వస్తాయి. అడగడానికి సుప్రీంకోర్టే కానక్కర్లేదు, కింది కోర్టు న్యాయమూర్తైనా రాయవచ్చు. ఇక అప్పీలు లేని పై కోర్టుకైతే, సందేహం మిగిలితే, అడగక తప్పదు. లక్సెంబర్గ్‌లో న్యాయమూర్తుల చర్చలు తలుపు మూసుకుని, దుబాసీలు కూడా లేకుండా ఫ్రెంచిలో సాగుతాయి. ఎవరు ఏ పక్షాన నిలిచారో బయటికి రాదు, అసమ్మతి తీర్పు రాసే ఆనవాయితీ లేదు. పదవి ఆరేళ్ళే, కొనసాగాలంటే దేశాలు మళ్ళీ నియమించాలి. కానీ ఏ న్యాయమూర్తి తన దేశానికి వ్యతిరేకంగా ఓటేశాడో ఆ దేశానికి తెలిసే దారి లేదు.